గట్టు మీది చేప

వంటింటి గట్టు మీద చేప మెత్తబడి నీళ్ళోడుతోంది. తోడికోడలికొస్తున్న మెప్పు చూసి కొన్నాళ్ళుగా కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్న పెద్దకోడలు, ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు.

“అక్కా, రాత్రి నేను కరగడానికి ఫ్రిజ్ కింది అరలో పెట్టిన చేప బయటికెలా వచ్చింది?”

“ఇందాకే నేను తీశాను. బయటుంటే గడ్డ త్వరగా కరుగుతుందని.”

“బయట పెడితే లోపల కరిగేలోగా పైన పాడవుతుంది కదక్కా!”

“అబ్బో! నిన్నగాక మొన్నొచ్చి నాకు నేర్పుతున్నావా? ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో గరిట తిప్పుతున్నాను, ఒక్కరూ బాగుందన్న పాపాన పోలేదు. నువ్వు వండితే మాత్రం మీ బావగారు కంచం నాకినంత పని చేస్తారు.”

“సరే, ఇందాకే తీశానంటున్నావుగా, వండేస్తాను. బావగారికి పెద్ద ముక్క వేస్తాలే.”

చిన్నకోడలు మూకుడు పొయ్యి మీద పెట్టింది. పెద్దకోడలి చేతిలో కత్తి ఆగిపోయింది.

“వద్దు. పారెయ్.”

“ఎందుకక్కా?”

“ఇందాక కాదే, రాత్రే తీశాను. కూర వాసనొస్తే నీ పేరు పోతుందని. ఆయన తింటారన్న సంగతే తట్టలేదు.”

“తెలుసు. తెల్లారి లేవగానే చూశాను. నువ్వే చెబుతావని ఊరుకున్నాను. ఫ్రీజర్లోంచి ఇంకో చేపని తీసి కవర్లో గట్టిగా చుట్టి చన్నీళ్ళలో వేశాను, నీళ్ళు మారుస్తూనే ఉన్నాను. అదిగో, కరిగింది. ఈ పూట నువ్వు వండు. ఈ సంగతి ఎవరికీ చెప్పనులే.”

పెద్దకోడలు కళ్ళు తుడుచుకుంది, నెపం ఉల్లిపాయల మీదికి నెడుతూ.

“అంటే, చివరికి ఇందులో కూడా మంచిదానివి నువ్వేనన్నమాట!”