కిటికీలో గ్లాసు

వెనకగదిలో అక్కా తమ్ముడూ సామాను సర్దుతున్నారు. కింద వీధిలో బండి ఆగి ఉంది.

“ఆ దిండు కూడా పెట్టెయ్యిరా.”

“దిండు మీదేగా అక్కా.”

“తీసుకెళ్ళు. మళ్ళీ ఇక్కడ ఎవరు...”

“ఎవరు?”

“ఎవరూ లేరని. కొత్తవి ఉన్నాయిలే మాకు.”

“దుప్పటి?”

“అదీ నీదే.”

“పరుపు కూడా నాదే అంటావేమో. వచ్చినప్పుడు ఒక్క సంచితో వచ్చాను. పోయేటప్పుడు బండి నిండా ఆస్తి.”

“నవ్వకు.”

“నవ్వలేదు.”

“నవ్వావు. ఏడుపొస్తే నవ్వు మొహం పెడతావు, చిన్నప్పటి నుంచీ చూడట్లేదూ! ఆ చొక్కా అలా ఉండ చుట్టకు. ఇటివ్వు, మడత పెడతా.”

“రంగు మరకల చొక్కా. మడత పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.”

“గది బాగుందా? గాలి వస్తుందా?”

“రంగుల కొట్టు మీద గది కదక్కా. గాలి రాకపోయినా టర్పెంటైన్ వాసన వస్తుంది.”

“నీళ్ళో?”

“కింద కుళాయి ఉంది.”

“అన్ని మెట్లూ ఎక్కి మోసుకోవాలా? నీకసలే నీరసం...”

“నాకేం నీరసం లేదు. రోజంతా నిచ్చెన మీదే ఉంటున్నాను, షాపుల బోర్డులు రాస్తూ. నీరసం ఉంటే ఈపాటికి కింద పడేవాణ్ణి.”

“పాడు మాటలు మాట్లాడకు. ఆ గది ఓనరుకి... చెప్పావా?”

“ఏం చెప్పాలి?”

“అదే.”

“ఏదే?”

“తెలిసి తెలిసి నా చేత అనిపిస్తావేంట్రా?”

“హెచ్ఐవీ. పేరు అంటే అంటుకోదక్కా. అను ఒకసారి.”

“మెల్లిగా! కింద బండి అతను ఉన్నాడు.”

“నిజమే. నా సంచులు అతనే మొయ్యాలి. వినకూడదు.”

“నేనలా అన్నానా?”

“చెప్పలేదులే ఓనరుకి. చెబితే తాళం చేతిలో పెడతాడా?”

“చెప్పకు. ఎవరికీ చెప్పకు. పని దగ్గర ఏమైందో చూశావుగా.”

“ఏమైంది, నిచ్చెన పట్టుకునేవాడు లేడు. అంతే కదా. తాడేసి గోడకి కట్టుకుని ఎక్కుతున్నా.”

“నిచ్చెనకీ దానికీ సంబంధం ఏమిటి అసలు?”

“పైనుంచి నా చెమట వాళ్ళ మీద పడుతుందట.”

“పాపిష్టి వెధవలు!”

“భయం అక్కా వాళ్ళకి.”

“భయమైతే? మనిషి పైన ఉండగా నిచ్చెన వదిలేసి పోతారా? వాళ్ళ నోట్లో మట్టి పడ! ఇన్నాళ్ళు కలిసి పనిచేసినవాళ్ళు, ఒక్కడికైనా ఇంగితం ఉండక్కర్లా?”

“సరేలే, నువ్వు చొక్కా నలిపేస్తున్నావు.”

“ఆ... మాత్రలు పైజేబులో పెట్టాను. రాత్రిపూట మర్చిపోకు.”

“మర్చిపోను. నువ్వు తలుపు బయట నిలబడి రోజూ అడిగేదానివి, వేసుకున్నావా అని. ఇక ఫోన్లో అలారం అడుగుతుంది.”

“మొన్నటి పరీక్షలో బాగానే ఉందన్నారుగా?”

“చాలా బాగుందన్నారు. రక్తంలో కనిపించనంత తగ్గిందట. మాత్రలు మానకుండా ఉంటే అందరిలాగే బతకొచ్చట. చెప్పానుగా నీకు ఆ రోజే.”

“చెప్పావు. నేను సంతోషించానుగా.”

“సంతోషించావు. గుమ్మంలో నిలబడి సంతోషించావు.”

“లోపలికొస్తే పొయ్యి మీద పాలు పొంగిపోవూ?”

“అవునవును. పాలు.”

“దెప్పకురా.”

“దెప్పలేదు. అక్కా, చిట్టి స్కూలు నుంచి వచ్చేదాకా ఉంటాను. చూసి పోతాను.”

“వద్దురా. ఏడుస్తుంది.”

“ఏడవనీ. నేను పోతుంటే ఒకళ్ళయినా ఏడవాలిగా.”

“నేను ఏడవట్లేదా?”

“ఏడుస్తున్నావా?”

“నీకు కనపడితేనే ఏడ్చినట్టా?”

“దానికి ‘అ’ దిద్దించాను. బ్రష్షుతో ఎంత గుండ్రంగా రాసిందో! ‘ఆ’ దాకా రానివ్వకుండా మాన్పించేశావు. పెయింటు వాసన పడదని.”

“నిజంగానే దగ్గిందిరా.”

“ఒక్కసారి దగ్గింది.”

“ఒక్కసారి దగ్గితే దగ్గు కాదా? వదిలెయ్. ఆ డబ్బా మూత గట్టిగా పెట్టు, బండిలో ఒలుకుతుంది.”

“బావ ఏమన్నాడు పొద్దున్న వెళ్ళేటప్పుడు?”

“ఏమంటాడు. మీ బావ సంగతి తెలుసుగా.”

“తెలియదు. నాతో బాగానే ఉంటాడు.”

“పైకి అందరూ బాగానే ఉంటారు. కాపురం చేసేదాన్ని, నాకు తెలుసు ఆ మనిషి లోపల ఏముందో.”

“ఏముంది?”

“నువ్విక్కడ ఉండటం ఆయనకి ఇబ్బంది. నోరు తెరిచి అనడు, చేతల్లో చూపిస్తాడు. లేకపోతే నిన్ను నేను పంపుతానా? నా తోడబుట్టినవాణ్ణి? ఆయన కోసం ఒప్పుకున్నాను గానీ.”

“బావ నాతో వేరేగా చెప్పాడు.”

“ఏమని?”

“మీ అక్కకి రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదయ్యా, గది చూసిపెట్టనా అని.”

“నా మీద పెట్టాడా! చూశావా, ఎంత గడుసుతనమో! నాకు నిద్ర పట్టకపోతే ఎవరి వల్ల పట్టట్లేదో తనకి తెలియదూ?”

“నా వల్లే అనుకున్నా.”

“నీ వల్ల ఎందుకురా... సర్లే. ఇవి కూడా తీసుకో. కంచం, గ్లాసు.”

“కిటికీలోవా?”

“నీవేగా.”

“మీ పెళ్ళి సెట్టులోవి అక్కా. గ్లాసు తగ్గితే సెట్టు పాడైపోదూ?”

“పోతే పోయింది. తీసుకో.”

“సరే ఇవ్వు. అక్కడ నాదని గుర్తుకి చుక్క పెట్టే పని కూడా లేదు. గదిలో ఉండేదే ఒక్క మనిషి, ఒక్క గ్లాసు... ఏంటి, అలా బోర్లించి చూస్తున్నావు?”

“మళ్ళీ పెట్టాడు.”

“ఎవరు?”

“చూడు, అడుగున. ఎర్ర చుక్క. నిన్న పొద్దున్న లేదు. ఇవాళ పోతున్నావని తెలిసి కూడా పెట్టాడు! గుండె కాదు, రాయి!”

“ఎవరక్కా?”

“ఇంకెవరు, మీ బావ! ఇది ఆయన స్కూటరు రంగు. ఎక్కడ గీత పడ్డా పూస్తాడే, ఆ రంగు. ఎన్నిసార్లని పెడతాడు మనిషి! వీడు నా తమ్ముడు, పశువు కాదు ముద్ర వెయ్యడానికి...”

“అక్కా.”

“నువ్వు ఆయన్ని వెనకేసుకు రాకు!”

“అది నేను పెట్టింది.”

“ఏంటి?”

“చుక్క. బావ కాదు. నేనే పెట్టాను, కొట్లోంచి ఎనామిల్ రంగు తెచ్చి.”

“నీ గ్లాసుకి నువ్వే పెట్టుకుంటావేంట్రా, పిచ్చా?”

“అరిగిపోయిందిగా మరి. నువ్వు పెట్టిన గోళ్ళరంగు కొన్నాళ్ళకే పోయింది. పీచుతో గట్టిగా తోమేశానేమో అనుకున్నా. చుక్క లేకపోతే నువ్వు కంగారు పడతావు, ఏది నాదో తెలియక. సెట్టంతా పారేస్తావు. సెట్టుతో పాటు నన్ను కూడా...”

“ఆగరా.”

“చుక్క ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో ఉండనిస్తావనుకున్నా. అందుకని పెట్టా. అదీ పోయింది. మళ్ళీ పెట్టా. ఎనామిల్ పోదక్కా మామూలుగా! ఎండకీ వానకీ బోర్డుల మీద ఏళ్ళు నిలబడుతుంది, నీ ఇంట్లో మాత్రం నిలబడదు. ఇదేం పీచు రా బాబూ అనుకున్నా. ఈసారి ప్రైమర్ కూడా కొట్టాను.”

“ప్రైమరా?”

“అది ముందు కొడితే రంగు పట్టుకుంటుంది.”

“నేను గీకానురా.”

“ఆఁ?”

“అరగలేదు. చాకుతో గీకేశాను. ప్రతిసారీ నేనే.”

“పెట్టింది నువ్వేగా?”

“మొదటిది నేనే పెట్టాను. తర్వాత ఒకరోజు చిట్టి బొమ్మలాట ఆడుకుంటోంది. ఆటగిన్నెల్లో ఒక గిన్నెకి ఎర్రరంగు పూసింది. ఇది మామయ్యది, ముట్టుకోకూడదు, అని బొమ్మకి చెబుతోంది. వేలు చూపించి మరీ చెబుతోందిరా, అచ్చం నాలాగే. నా తల కొట్టేసినట్టయింది. అప్పుడే వంటింట్లోకి వెళ్ళి గీకేశాను.”

“నాకు చెప్పలేదే.”

“ఏమని చెప్పను? గీకాక మళ్ళీ కనపడింది. ఇక మీ బావే అనుకున్నా. నేను గీకడం, అది మళ్ళీ రావడం. ఆయన మొహం చూస్తే ఒళ్ళు మండిపోయేది. మాటలు మానేశాను.”

“ఒక్కసారి అడగొచ్చుగా ఆయన్ని?”

“ఏ మొహం పెట్టుకుని అడగను? మొదటి చుక్క నాదేగా!”

“అంటే... బావకి అసలు ఏమీ తెలియదు.”

“ఏమీ తెలియదు.”

“నువ్వు మొహం తిప్పుకుంటుంటే, నా వల్ల నీకు నిద్ర లేదనుకున్నాడు.”

“గది వెతికాడు. గది వెతికాడని నేను ఇంకా మండిపడ్డాను.”

“నేనేమో మీ ఇద్దరికీ ఇష్టం లేదనుకుని సంచి సర్దుకున్నాను.”

“ఓరి నీ... ప్రైమర్ కొట్టావా! అందుకేనా ఈమధ్య చాకు మొన వంకరపోయింది!”

“దేనితో గీకావు, కూరగాయల చాకుతోనా?”

“దాంతోనే! మీ బావ అడిగాడురా, ఈ చాకు ఇలా ఎలా అయిందే అని. ఏమీ ఎరగనట్టు అడుగుతావేం, అని గయ్యిమన్నా. బిత్తరపోయి చూశాడు!”

“పాపం బావ!”

“చాకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు పిచ్చి మాలోకం!”

“మెల్లిగా నవ్వు, కింద బండి అతను ఉన్నాడన్నావు.”

“ఉండనీరా. సంచి విప్పు.”

“అక్కా...”

“విప్పమంటున్నానా! దిండు బయటికి తియ్యి. ఎక్కడికీ పోవక్కర్లేదు. సాయంత్రం మీ బావతో నేను మాట్లాడతా.”

“నిజంగానే అంటున్నావా?”

“నిజంగా కాక! నా ఇల్లు, నా తమ్ముడు.”

“మరి చిట్టి?”

“‘ఆ’ దిద్దించు. అక్షరాలన్నీ, ‘చ్చ’ దాకా దిద్దించు.”

“‘చ్చ’ ఏంటక్కా, ‘క్ష’ దాకా అను!”

“అదే, ‘క్ష’ దాకా. నోరు తిరగట్లేదు నవ్వుతో.”

“పెయింటు వాసనో?”

“కిటికీ తెరుద్దాం.”

“అమ్మా! పైన ఎవరమ్మా! ఇంకా ఎంతసేపు? నాకు ఇంకో బేరం ఉంది!”

“అన్నా, అక్కర్లేదు! నువ్వు బయల్దేరు! మేం ఖాళీ చెయ్యట్లేదు!”

“ఇంతసేపూ ఆపి ఇప్పుడా చెప్పేది! మనుషులా మీరు!”

“అక్కా, చూడు చూడు, స్టార్ట్ చెయ్యకుండానే హారన్ కొడుతున్నాడు!”

“నవ్వించకురా... కడుపు నొప్పి... ఎక్... అయ్యో...”

“వచ్చేశాయి ఎక్కిళ్ళు! చిన్నప్పుడూ అంతే నువ్వు. పడీ పడీ నవ్వడం, తర్వాత ఎక్కిళ్ళు.”

“ఎక్... నీ వల్లే... ఎక్...”

“ఉండు, కూజాలో నీళ్ళున్నాయి. ఆ చుక్క గ్లాసు ఇలా ఇవ్వు. ఇదిగో. ఊపిరి బిగబట్టి గుక్కలు గుక్కలుగా తాగు.”

“అవే పోతాయిలేరా.”

“చల్లగా ఉన్నాయి. రెండు గుక్కలు తాగు చాలు.”

“ఇందాకే తాగాను వంటింట్లో. అక్కడ పెట్టు. కిటికీలో.”

“మళ్ళీ కిటికీలోనా?”

“ఏంట్రా అలా చూస్తావు? దాహం లేదంటున్నాగా.”

“ఎక్కిళ్ళు ఆగిపోయాయక్కా.”

“ఊఁ.”

“అన్నా! ఓ బండి అన్నా! వెళ్ళకు, దిగుతున్నా.”