అన్నీ యానిమల్ ఆబ్జెక్టులే

హలో… ఆ, నేనే. వదినని. పశువుల ఆసుపత్రి నుంచే…

లేదు, నెట్ బాగానే ఉంది. నువ్వు చేసిపెట్టిన పేజీకే తలాతోకా లేదు.

…రంగులా? రంగుల సంగతి నేనడిగానా?

చదువుతాను, విను. జంతువు వివరం ఉండాల్సిన చోట ఏముందో. యానిమల్ ఆబ్జెక్ట్ ఒకటి. యానిమల్ ఆబ్జెక్ట్ రెండు. యానిమల్ ఆబ్జెక్ట్ మూడు… కిందిదాకా ఇదే వరస. ఏది కుక్కో ఏది పిల్లో నాకెలా తెలియాలి?

…నొక్కితే లోపల ఉంటుందా. ఒక్కోటీ నొక్కి, చూసి, వెనక్కొచ్చి, మళ్లీ ఇంకోటి నొక్కి… గది నిండా మొరుగుడు ఇక్కడ. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఎవరిదో చిలక పంజరం.

…మామూలుగా అలాగే వస్తుందా? వచ్చింది వచ్చినట్టు వదిలేయడానికా నిన్ను పెట్టుకుంది? మా మరిది చేస్తాడండీ అని డాక్టరమ్మకి పూచీ పడ్డాను చూడు, నన్ననాలి.

బయట దర్జీ పెద్దమ్మ కూర్చుంది. చెవి కడిగించడానికి నల్లపిల్లిని తెచ్చి బోనులో పెట్టించింది. దానికి గుండెజబ్బు, మత్తిస్తే పోతుంది. ఆవిడ చెప్పిందంతా పొద్దున టైపు చేశాను. ఏదీ? ఎక్కడ?

…లోపల. అన్నీ లోపలే నీకు.

ఇంకో నల్లపిల్లికేమో ఇవాళ ఆపరేషన్… ఆ, డాక్టరమ్మ దగ్గరికి పంపించాను ఇందాకే. మూడో బోను అని గుర్తు. సరిచూద్దామని పేజీ తెరిస్తే అన్నీ ఒక్కలాగే ఉన్నాయి మరి. అందుకే కదా నీకు చేసింది.

…సాయంత్రం కాదు, ఇప్పుడే. ఏ బోను, ఏ జంతువు, ఎవరిది, ఎందుకొచ్చింది — బయటే కనపడాలి. లైన్లోనే ఉంటాను.

…

అప్పుడే అయిపోయిందా?

…ఒక్క లైనా? ఒక్క లైను రాయడానికి బద్ధకమేసి, నన్నిన్నాళ్లూ… ఛీ.

సరే, వచ్చింది. ఒకటో బోను, కుందేలు. రెండో బోను, నల్లపిల్లి, లెక్కల మాస్టారిది, ఆపరేషన్. మూడో బోను, నల్లపిల్లి, దర్జీ పెద్ద—

డాక్టరమ్మా. ఆ సూది ఆపండి. అది కాదండీ… ఆ పిల్లి కాదు, అది చెవికొచ్చింది…

…

…ఆ, ఉన్నాను. ఆపింది. సూది ఇంకా చేతిలోనే ఉంది.

…ఏంటీ?

…పేజీ ఇప్పుడు బాగుందా అనా?

…పక్కన ఫోటో కూడా వచ్చేట్టు పెడతావా?

నీతో మాట్లాడాక నోరు కడుక్కోవాలి. పెట్టేస్తున్నాను.