నా చేతుల చినిగిన ఉత్తరం

“అమ్మమ్మా, రూత్ ఆంటీ లెటర్ నువ్వే చింపినవంట కదా? మమ్మీ చెప్పింది. రికార్డ్ చేస్తున్నా, చెప్పు.”

మీ అమ్మ నోట్ల ఏం దాగుతది! సరే, ఆ ఫోన్ టేబుల్ మీద పెట్టు, ముక్కు కాడ పెట్టకు. నిజమే బిడ్డా. నేనే చింపిన.

రూత్ నీకు యాదికుందో లేదో, చిన్నదానివి అప్పుడు. మనముంటున్న ఈ ఫ్లాట్ బుష్ పేటలనే, మన పక్కింట్ల తన బిడ్డ దగ్గర ఉండేది. నాకంటె పదేండ్లు... కాదు, పదిహేనేండ్లు పెద్దది. పొద్దుగాల మీ అమ్మానాయినలు మోటర్‌వే ఎక్కి పోతే ఈడ నేనొక్కదాన్ని, ఆడ ఆమె ఒక్కతి. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆమెకు చెవుడు. మంచిగ కుదిరింది పో. సర్వపిండి చేసి తీస్కపోతే కారం కారం అని కండ్లల్ల నీళ్ళు పెట్టుకుంట ఇంకో ముక్క అడిగేది. ఏం చెప్తున్న? ఆఁ, ఆమె పాత కాగితాల పెట్టె.

ఆమె యూదులామె. పుట్టింది బెర్లిన్‌ల. హిట్లర్ జమానాల యూదులను ఎంత గోస పెట్టిన్రో నువ్వు స్కూల్ల చదివినవు, నేను ఆమె పెట్టెల చూసిన. తొమ్మిదేండ్ల పిల్లప్పుడు మేనమామ ఎంబడి ఓడెక్కి ఈ దేశమొచ్చింది. వాళ్ళమ్మకు కాగితాలు దొరకలే, ఆడనే ఆగిపోయింది. ఈ పిల్ల పాస్‌పోర్టు నా చేతుల పట్టుకున్న బిడ్డా. యూదుల పిల్ల అని ఎర్రటి ముద్ర. పేరు పక్కన ఇంకో పేరు. యూదుల ఆడోళ్ళందరికీ అదే పేరు తగిలిచ్చిన్రట, పశువులకు ముద్రేసినట్టు. తొమ్మిదేండ్ల పిల్ల ఏం జేసిందే ఆళ్ళను?

ఆ కాగితాలన్నీ సిటీల ఆర్కైవ్‌కు ఇస్తనన్నది. ఆర్కైవ్ అంటె నీకు నేను చెప్పాల్నా, పాత కాగితాలు పాడుగాకుండ దాచి, అడిగినోళ్ళకు చూపే జాగ. ఆడికెళ్ళి ఒకామె వచ్చి కవర్లిచ్చింది. గుండుపిన్నులు తియ్యున్రి, పెన్ను ముట్టకున్రి, పెన్సిలే, అని నూరు జాగర్తలు చెప్పింది. రూత్ చేతులు వణుకుతయి. గందుకే ఆమె చదువుడు, నేను మడతలు తీసి కవర్ల పెట్టుడు. వారం రోజులు అదే పని. వాళ్ళమ్మ రాసినవి ఎన్నో ఉండె. స్వెట్టర్ వేసుకో, మామ మాట విను, ఇవే. లడాయి ముదిరినంక ఇరవై అయిదు మాటలకంటె ఎక్కువ రాయనియ్యలేదట. కన్నబిడ్డకు ఇరవై అయిదు మాటలు! నేనైతె నీకు “తిన్నవా” అని అడగనీకే అన్ని చాలవు.

ఆఖరుకు ఒక ఉత్తరం మిగిలింది. లడాయి అయిపోయినంక బెర్లిన్‌ల పాత పక్కింటామె రాసింది. రూత్ భూతద్దం పెట్టి చదివి నాకు మెల్లగ చెప్పింది. మీ అమ్మను రైలెక్కించిన్రు, ఆ రైల్ల పోయినోళ్ళు ఎవ్వరూ తిరిగి రాలే, అమ్మ ఇంక లేదు. చెప్పి, కాగితం నా చేతికిచ్చింది.

నేను చర్రున చింపిన. అడ్డంగ ఒకసారి, నిలువుగ ఒకసారి.

ఎందుకంటె ఏం చెప్పాలె? మా దిక్కు చావు కబురు కార్డొస్తె అంతే. చదువుడు, చింపుడు, తలమీదికెళ్ళి స్నానం చేసుడు. పది పైసల కార్డు ముక్క, పది నిమిషాలు ఇంట్ల ఉండనియ్యం. ఆ ఇంట్ల పసిపిల్ల పండుకోని ఉన్నది, రూత్ మునిమనుమరాలు. గా భయమొకటి. మనసు చెప్పలే, చేతులే చేసినయి. చేతులు ఇరగ!

అరిస్తె బాగుండు. నాలుగు ముక్కలూ ఏరి, కంచంల పెట్టి, దాని మీద బట్ట కప్పింది. నా దిక్కు చూడలే. వాళ్ళమ్మకు సమాధి లేదు, తేదీ తెల్వదు. అమ్మ పోయిందని చెప్పే కాగితం లోకం మొత్తంల అదొక్కటే. దాన్ని నేను పీలికలు చేసిన. రెండు రోజులు తలుపు తియ్యలే.

మూడోనాడు మీ అమ్మను ఎంబడి తీస్కపోయిన, నా మాట ఇంగ్లీషుల చెప్పమని. తలుపు తీసింది. మా పద్ధతంత విన్నది. విని, నీ కన్నతల్లి చావు కార్డు కూడ చింపినవా అని నన్ను అడిగింది. చింపిన అన్న. అమ్మది, నాయినది, మా అన్నది. నీ తల్లి కబురు ఎవరు రాసిన్రు అనడిగింది. యాదికి లేదు. ఏం రాసిన్రు? పదకొండో దినానికి రమ్మన్నరు, అంతే ఎరుక. పోయేముందు మా అమ్మ ఏమన్నదో, ఎవరిని అడిగిందో, ఆ కార్డుల ఉండెనో లేదో... నేను సగం చదివే చింపిన బిడ్డా. అది ఆ దినం తెలిసొచ్చింది. రూత్ ఇంట్ల కూసోని మా అమ్మ కోసం ఏడ్చిన, పోయిన ముప్పై ఏండ్లకు. రూత్ నా పక్కకొచ్చి కూసున్నది. అప్పుడు ఆమె కూడ ఏడ్చింది.

ఆర్కైవ్ ఆమె వచ్చి, ముక్కలకు గమ్ టేపు పెట్టనందుకు దండం పెట్టినంత పని చేసింది. పల్చటి కాయితంతోని వెనుకకెళ్ళి అతికిస్తమన్నది. ఎట్ల చినిగిందో రాసుకోవాలె, చెప్పున్రి అన్నది. రూత్ నన్ను కాపాడనీకె, పాతది కదా, దానంతట అదే చినిగింది అన్నది. నాకు పానం ఒప్పలే. అంత నిజమైన పెట్టెల నా కోసం ఒక అబద్ధమా? నేనే చింపిన, నా పేరు రాయున్రి అన్న. మీ అమ్మతోని స్పెల్లింగ్ చెప్పించిన. రాసింది.

రూత్ పోయి నాలుగేండ్లాయె. ఆ ఉత్తరం ఆడ పదిలంగ ఉన్నది, పోయి చూడు.

ఇంకొక మాట... ఆపకు, అది కూడ రికార్డ్ కానియ్యి. నేను పోయిన కబురు నీకు ఫోన్లనే వస్తది. మీ అమ్మ, చూడంగనే ఫోన్లకెళ్ళి తీసెయ్యి అంటది, అది నా పెంపకమే. తియ్యకు బిడ్డా. ఆఖరుదాక చదువు, దాచు. సల్లగుండు.