నీలం రాని అబ్బాయి

పెళ్ళిసంబంధాల ఆఫీసు. కంప్యూటర్ ముందు పిన్ని కూర్చుని ఉంది. ఆమె కోసం ఈ పెళ్ళికొడుకుల లిస్టు ప్రోగ్రాం రాసిన అక్క కూతురు వెనక నిలబడి ఉంది.

“ఏమే, ఇంజనీర్ని నొక్కితే డెంటిస్టు పోయాడు!”

“ఎక్కడికీ పోలేదు పిన్నీ. కంట్రోల్ బటన్ పట్టుకుని నొక్కు. అది వదిలేసి నొక్కావంటే పాతవాళ్ళంతా పోయి, కొత్తవాడొక్కడే మిగులుతాడు.”

“మగాళ్ళని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఏరుకోవాలన్నమాట. పట్టుకున్నా. ఆఁ, ఇద్దరికీ నీలం వచ్చింది. నా బంగారు తల్లే!”

“వరసగా అందరూ కావాలంటే మొదటివాణ్ణి నొక్కి, షిఫ్ట్ పట్టుకుని చివరివాణ్ణి నొక్కు.”

“డెంటిస్టు నుంచి లెక్చరర్ దాకా... అబ్బో, ఒక్క దెబ్బకి మంద మందంతా! అదేంటే, మధ్యలో పన్ను ఊడినట్టు ఒకడు తెల్లగా మిగిలాడు?”

“ఎవరు?”

“కళ్ళద్దాల షాపు అబ్బాయి. కంట్రోల్ పట్టుకుని నొక్కినా నీలం రావట్లేదు.”

“మౌస్ పాతదైపోయింది పిన్నీ.”

“వాడి దగ్గరికొచ్చేసరికే పాతదైపోయిందా?”

“చిన్న బగ్‌లే. రేపు చూస్తా.”

“రేపేంటి నా మొహం! సాయంత్రం లాయరుగారి అమ్మాయి వస్తోంది. వీణ్ణే ముందు చూపిస్తానని మాటిచ్చాను. ఇలా కూర్చుని సరిచెయ్యి.”

“ఆ అమ్మాయికి డెంటిస్టు చాల్లే.”

“చాలో చాలదో చెప్పడానికి నువ్వెవరివే? నువ్వు లిస్టు చెయ్యి, పెళ్ళి నేను చేస్తా. అలా తేలు కుట్టిన దొంగలా నిలబడ్డావేం?”

“అది బగ్ కాదు పిన్నీ. అతన్ని ఎవరూ ఎంచుకోకుండా నేనే కట్టేశాను.”

“ఎందుకు?”

“పెళ్ళయిపోయింది.”

“వాడికా! నాకు తెలీకుండానా! షాపు నా ఆఫీసు కిందే కదే! పొద్దున కూడా పళ్ళికిలించి నమస్కారం పెట్టాడు, వెధవ!”

“వెధవేం కాదు. రిజిస్టర్ పెళ్ళి. ఇళ్ళల్లో ఇంకా చెప్పలేదు... భయం.”

“మరి నీకెవరు చెప్పారు?”

“కళ్ళద్దాలు తెచ్చుకుందామని వెళ్ళినప్పుడు... మాటల్లో తెలిసింది.”

“నీకు కళ్ళద్దాలెక్కడివే?”

“చలవద్దాలు పిన్నీ, చలవద్దాలు!”

“సరే, అరవకు. పేరు తీసెయ్. ఒకందుకు మంచిదేలే. వాడు గురక పెడితే వీధి చివరిదాకా వినపడుతుందని వాళ్ళమ్మే చెప్పి ఏడ్చింది నా దగ్గర. ఆ ముక్క మింగేసి లాయరుగారి పిల్లకి అంటగడదామనుకున్నా. ఏ తల్లి కన్న బిడ్డో పాపం, రాత్రంతా చెవుల్లో దూది కుక్కుకుని...”

“ఛ, గురకేం పెట్టడు పిన్నీ! పక్కకి తిరిగి బుద్ధిగా పడుకుంటాడు.”