మేడ మీంచి దూకే సీను

కోటబొమ్మాళిలోని ఆ ఇంట్లో మధ్యాహ్నం మరిది డీవీడీ పెట్టాడు. ఆ కరాటే సినిమాలో తమ్ముడితో పాటు హీరోకు డూపుగా చేసిన మురళీమోహన్ షూటింగులోనే పడి చనిపోయి ఏడాదయింది. అతని భార్య టీవీకి దగ్గరగా జరిగి కూర్చుంది.

“ఈ తన్నులన్నీ మీ అన్నవేనా?”

“అవును వదినా. మొకం కనబడితే హీరో. వీపు కనబడితే అన్నయ్య.”

“తెలస్తన్నాది. ఆ ఎడమ బుజం వొంచి నడిసేది ఆయనే.”

“ఇంక ఆపేద్దాం. తర్వాత మేడ మీంచి దూకే సీను వస్తాది.”

“అదే సూడాల నాను.”

“వద్దు వదినా. అన్నయ్య పడిపోయిన ఆ దూకుడు ఆళ్లు తీసీలేదు, అలాగే ఉంచీసినారు.”

“ఉంచనీ. ఆయాల నువ్వు పక్కనే ఉన్నావు గదా, నడుంకి కట్టిన తాడు సూసుకోలేదేటి?”

“ఆ సీను నాది వదినా.”

“ఏటంటన్నావు?”

“నన్నే దూకమన్నారు. పైకెక్కినాక నా వల్ల కాదన్నాను. అన్నయ్య నా సొక్కా ఇప్పించి తనేసుకున్నాడు. నన్ను కిందికెల్లిపొమ్మన్నాడు.”

“ఇన్నాళ్లూ ఎందుకు సెప్పలేదు?”

“సెప్తే నన్ను ఈ గుమ్మం తొక్కనివ్వవని భయం.”

తెర మీద మనిషి దూకాడు. ఆమె కళ్లు తిప్పుకోలేదు.

“పడ్డాక ఏటైనా అన్నాడా?”

“ఒక్క మాటే. ‘నీకేటీ అవలేదు గదరా’ అన్నాడు.”

“టీవీ కట్టీ.”

“వదినా...”

“నువ్వు బతకాలనే దూకేడు. నాకు తెలస్తన్నాది. అయినా కొన్నాళ్లు నా కంటికి కనబడకు. ఎల్లు.”