అద్దం ముందు గంటస్తంభం

“అమ్మమ్మా, డోరతీ ఆంటీ ఆ పాత ఫోటోని బాత్రూమ్‌లో అద్దానికి ఎదురుగా ఎందుకు పెట్టుకుంది?” అంటావా? చెప్తా గానీ, ముందు ఆ ఇడ్లీ తిను.

పక్కింటి డోరతమ్మ పుట్టింది ఇంగ్లండ్‌లో ఏదో చిన్న ఊళ్ళో. బజారు మధ్యలో గంటస్తంభం, దాని పక్కనే వాళ్ళ నాన్న రొట్టెల కొట్టు. ఎదురుగా నిలబడి చూస్తే స్తంభానికి ఎడమ పక్కన అని ఈవిడ, కాదు కుడి పక్కన అని కెనడాలో ఉన్న తమ్ముడు. ఆ వీధే లేదిప్పుడు, పడగొట్టేశారట. ఇంక ఈ తగువు ఎవరు తీరుస్తారు?

ఆ తమ్ముడు ఎక్కణ్ణించో పాతకాలం గాజు పలక ఫిల్మ్ సంపాదించి, పెద్ద ఫోటో వేయించి పంపాడు. చూస్తే కొట్టు కుడి పక్కనే! డోరతమ్మ మొహం ఇంత చేసుకుంది. “నాకు మతి పోతోంది” అని వాకింగ్ మానేసింది, డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా బుక్ చేసింది.

ఓదారుద్దామని వెళ్ళా. ఫోటో చేతికిచ్చింది. నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాకగా, బొమ్మ కనపడితే ఇప్పటికీ ముందు చేతులే చూస్తా. మా ఊళ్ళో ఫోటో తీయించుకోవాలంటే మూడు రూపాయలు, కాదు కాదు, నాలుగు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు... ఆఁ, ఏం చెప్తున్నా? చేతులు. వీధిలో పెద్ద పండగలా ఉంది, కొట్ల బోర్డులూ స్తంభం మీద గడియారమూ తోరణాల చాటున పడి కనపడట్లేదు. టీ కప్పులన్నీ ఎడమచేతుల్లోనే! పెద్దమనుషులిద్దరు ఎడమచేతులు కలుపుకుంటున్నారు. పోలీసాయన సెల్యూటూ ఎడమచేత్తోనే!

ఇక్కడిలా కాకుండా వాళ్ళ దేశంలో కార్లు ఎడమ పక్కన డ్రైవ్ చేస్తారంటారుగా, చేతులూ అంతేనేమో అనుకున్నా. మా మరిది ఎడమచేత్తో తింటున్నాడని మా అత్త గరిటెతో కొట్టేది. ఆ దేశంలో పుడితే రాజాలా బతికేవాడు కదా అనిపించింది. ఉండబట్టలేక అడిగేశా, నాకొచ్చిన ఇంగ్లీషులో, “ఆల్ పీపుల్ లెఫ్ట్ హ్యాండా?” అని.

ఆవిడ ముందు పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుని బాత్రూమ్‌లోకి లాక్కెళ్ళింది. ఆ ఇరుకులో ఇద్దరం, నా మోకాలు టబ్బుకి కొట్టుకుంది. ఫోటో అద్దానికి చూపించింది. అద్దంలో పోలీసాయన కుడిచేత్తో సెల్యూట్ కొట్టాడు. కొట్టు వెళ్ళి ఎడమ పక్కన కూర్చుంది! ఫోటో వేసేటప్పుడు ఫిల్మ్ తిరగేసి పెట్టారే, అంతే!

వెంటనే తమ్ముడికి ఫోన్. ఆయనా తన దగ్గరున్న ఫోటో కాపీ తీసుకుని అద్దం దగ్గరికి పోయాడు. “నువ్వే కరెక్ట్, అక్కా” అన్నాడట. డాక్టర్ అపాయింట్‌మెంట్ కాన్సిల్ చేసేసింది. ఫోటో మాత్రం అక్కడే ఉంచింది. రోజూ పళ్ళు తోముకుంటూ వాళ్ళ నాన్న కొట్టు చూసుకుంటుందట.

అదిగో, మళ్ళీ ఎడమచేత్తోనే... సర్లే. నిన్ను ఇన్నాళ్ళూ ఊరికే కసిరా. మా మరిదికి ఈ మాట చెప్పేవాళ్ళే లేకపోయారు. ఏ చేత్తో అయితేనేం తల్లీ, నూరేళ్ళు కడుపునిండా తిను.