హార్లన్ గారి గుర్రానికి నడుంనొప్పి

అయోవాలో డావెన్‌పోర్ట్‌కి ఉత్తరాన ఓ చిన్న ఊరు. మొక్కజొన్న కోతలు అయిపోయిన వారం. రోజూ మనుషుల నడుములూ, గురువారాల్లో గుర్రాల నడుములూ సరిచేసే కైరోప్రాక్టర్ కార్లా గదిలో, కుర్చీ ఉన్నా కూర్చోకుండా నిలబడి ఉన్నాడు రైతు హార్లన్.

"...అందుకే గుర్రం సంగతి నిన్నొక మాట అడిగి పోదామని వచ్చా. దారిలోనేగా."

"కూర్చోండి హార్లన్ గారూ."

"వద్దులే. నాకు నిలబడే అలవాటు."

"కూర్చోవడం ఇష్టం లేకా, కూర్చోలేకా?"

"గుర్రం సంగతి అడుగుతుంటే నేను కూర్చునే గొడవెందుకు డాక్టరమ్మా?"

"సరే. గుర్రాల్ని గురువారం చూస్తాను. ఇవాళ మంగళవారం."

"తెలుసు. గురువారమైతే ఇక్కడ జనం ఉంటారు."

"గుర్రానికి జనమంటే పడదా?"

"కొంచెం మొహమాటం ఎక్కువ."

"ఆడదా, మగదా?"

"మగదే."

"వయసెంత?"

"అరవై... పదహారు."

"పేరు?"

"గుర్రం అనే పిలుస్తాం."

"బాగుంది. ఎక్కడ నొప్పి?"

"నడుం కింద. ఎడమ పక్క. బెల్టు పెట్టుకునే చోట."

"బెల్టు."

"అదే, జీను పట్టీ."

"జీను పట్టీ పొట్ట కిందనుంచి పోతుంది హార్లన్ గారూ."

"మావాడికి కాస్త పైకి కడతాం."

"నొప్పి అక్కడే ఉంటుందా, కాల్లోకి దిగుతుందా?"

"దిగుతుంది. పిర్రలోంచి పిక్క దాకా జివ్వున లాగేస్తుంది."

"ముందుకాల్లోకా, వెనకకాల్లోకా?"

"వెనకదే అనుకో."

"ఎప్పుడెక్కువ?"

"పొద్దున్నే సాక్సు వేసుకునేటప్పుడు."

"గుర్రం."

"చలికాలం కదా."

"కూర్చుంటే ఎలా ఉంటుంది?"

"పికప్ ట్రక్కులో ఊరి చివరి ధాన్యం గోడౌన్ దాకా వెళ్లేసరికి ప్రాణం పోతుంది. దిగేటప్పుడు తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోతాడు."

"పికప్ తోలేది కూడా గుర్రమేనా?"

"నేనే తోలతా. అది పక్కన కూర్చుంటుంది."

"ముందు సీట్లో."

"వెనకాల చలి."

"సరే. ఇప్పుడడిగేవాటికి మాత్రం జాగ్రత్తగా చెప్పండి. గుర్రం సిగ్గుపడినా సరే. ఒంటేలు సరిగ్గా వస్తోందా?"

"అది గుర్రాన్ని అడిగే ప్రశ్నేనా?"

"ఎవరి నడుమైనా నేను అడిగే ప్రశ్నే."

"వస్తోంది. రాత్రి లేవాల్సి వస్తోంది కూడా. ముసలి... వయసొచ్చిన గుర్రం కదా."

"ఆపుకోలేకపోవడం, తెలియకుండా పోవడం?"

"లేదు."

"తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారినట్టు ఉందా?"

"లేదమ్మా."

"జ్వరం? ఊరికే చిక్కిపోవడం? కింద పడటం?"

"లేదు, లేదు, లేదు."

"వీటిల్లో ఒక్కటి ఉన్నా నేను చెయ్యి వెయ్యను. నేరుగా ఆసుపత్రికి పంపించేస్తాను. అందుకే అబద్ధం చెప్పొద్దంటున్నా."

"గుర్రం అబద్ధమాడదు."

"గుర్రం ఆడదు. ఆ సంగతి నాకు తెలుసు."

"అయితే ఇంకేం. ఆ టకామనే చప్పుడొకటి చేయిస్తావటగా. ఎముక విరిగే చప్పుడటగా అది?"

"ఎముక కాదు. కీలులో ఉండే గాలి బుడగ. వేళ్లు విరుచుకుంటే వస్తుంది చూడండి, అదే. ఒక్కోసారి చప్పుడు రాదు కూడా. రాకపోతే పని జరగలేదని కాదు."

"మందులిస్తావా?"

"ఇవ్వను. కొయ్యను కూడా. చేతులతోనే."

"ఎక్స్‌రే?"

"అవసరమైతేనే."

"ఒకసారి మొదలుపెడితే ఇక చచ్చేదాకా వస్తూనే ఉండాలటగా. కాఫీ హోటల్లో అంటున్నారు."

"కాఫీ హోటల్లో అనేవాళ్లలో సగం మంది ఈ బల్ల మీద పడుకుని లేచినవాళ్లే."

"ఎవరెవరు?"

"చెప్పను."

"లెస్టరా?"

"చెప్పనన్నానుగా."

"లెస్టరే. వాడి నడక చూసే అనుకున్నా."

"మీ సంగతీ ఎవరికీ చెప్పను."

"నా సంగతి ఏముంది చెప్పడానికి."

"ఏమీ లేదు. గుర్రం సంగతి చెప్పను. ఇక వినండి. మొదటిరోజు సరిచేయడం తక్కువ, చూడటం ఎక్కువ. వంగమంటాను, కాలెత్తమంటాను, మోకాలి కింద చిన్న సుత్తితో కొడతాను. తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్లు పులిసినట్టు ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. కాల్లో బలం తగ్గినట్టు అనిపిస్తే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యాలి. నెల తిరిగేలోపు తేడా కనబడకపోతే నేనే వేరే చోటికి వెళ్లమంటాను. పట్టుకుని వేలాడను."

"ఇదంతా గుర్రానికి చెప్పాలా?"

"గుర్రం వింటూనే ఉంది."

"సరే, ఆ పట్టు ఏదో నాకు చూపించెయ్యి. ఇంట్లో నేనే చేసుకుంటా. దానికి చేస్తా."

"ఎవరికి వాళ్లు చేసుకునేది కాదు. ఇక్కడికి తీసుకురండి."

"రాదు."

"ఎందుకని?"

"బయట పికప్ ఆగితే ఊరంతా చూస్తుంది."

"ఇవాళ ఎక్కడ ఆపారు?"

"చర్చి వెనకాల."

"అక్కణ్ణుంచి ఎలా వచ్చారు?"

"గోడ పట్టుకుని... గోడ వారగా."

"ఈ గుర్రం ఏం బరువు మోస్తుంది హార్లన్ గారూ?"

"మోయదు. ఎత్తుతుంది."

"ఏమెత్తుతుంది?"

"బరువే. నూట డెబ్బై పౌండ్లుంటుంది, అటూ ఇటూగా. పొద్దున మంచం మీంచి కుర్చీలోకి. రాత్రి కుర్చీలోంచి మంచం మీదికి. మధ్యలో బాత్రూముకి. ఈమధ్య తీపి యాపిల్ పైలు ఎక్కువ తింటున్నాడు, కాస్త బరువెక్కాడు."

"డెల్మర్ ఎలా ఉన్నాడు?"

"మనం మాట్లాడేది గుర్రం సంగతి కదా."

"మీ తమ్ముడు ఎలా ఉన్నాడని అడుగుతున్నా."

"బాగానే ఉన్నాడు."

"ట్రాక్టరు తిరగబడి మూడేళ్లవుతోంది కదూ?"

"అవుతోంది. తుంటీ కాళ్లూ అతికాయి గానీ నడక రాలేదు. కొన్నాళ్లు వ్యాయామం చేయించడానికి మనిషి వచ్చేవాడు. డెల్మరే వద్దన్నాడు."

"ఆ గుర్రాన్ని ఈ బల్ల మీద పడుకోమంటారా?"

"బోర్లానా?"

"బోర్లా."

"బూట్లు విప్పాలా?"

"విప్పగలరా?"

"లేదు."

"ఉండండి, నేను విప్పుతా."

"వద్దు వద్దు. నువ్వు చిన్నప్పుడు గౌను వేసుకుని మా ఇంటికి మొక్కజొన్న కండెలు కొనడానికి వచ్చినదానివి. నీచేత బూట్లు విప్పించుకోవడమేంటి."

"కండెలు పన్నెండంటే పదమూడు వేసేవారు. కాలివ్వండి."

"నెమ్మది."

"నెమ్మదిగానే. ఆ, పడుకోండి. ఇక్కడ నొప్పా?"

"ఊహూ."

"ఇక్కడ?"

"కొంచెం."

"ఇక్కడ?"

"డాక్టరమ్మా, అక్కడ నొక్కితే నేను చచ్చిపోతా."

"చావరు. ఇప్పుడు వెల్లకిలా తిరగండి. తొందర లేదు. కాలి బొటనవేలు పైకెత్తి ఉంచండి, నేను కిందికి నొక్కుతా. నొక్కనివ్వకండి."

"ఇలాగేనా?"

"అలాగే. రెండోది. ఎడమదానికి పట్టు కాస్త తక్కువగా ఉంది."

"దానికి మొదట్నుంచీ బద్ధకం."

"బద్ధకం కాదు. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉంటుంది. అదొకటి ఉబ్బి, కాల్లోకి వెళ్లే నరాన్ని ఒత్తుతోందని నా అనుమానం. దాన్ని కాపాడబోయి కండరాలన్నీ బిగుసుకుపోయాయి. ఇది చూడగలను. చాలామందికి తగ్గుతుంది. కానీ."

"కానీ అన్నావంటే భయం నాకు."

"నెలన్నర పాటు బరువెత్తకూడదు."

"అయితే వద్దు."

"హార్లన్ గారూ."

"బూట్లు ఇటివ్వు."

"ఇప్పుడు లేవలేరు మీరు."

"లేస్తా. కాసేపాగి."

"నేనిక్కడ ఎంత సరిచేసినా మీరు ఇంటికెళ్లి పొద్దున్నే డెల్మర్‌ని ఎత్తితే అంతా మొదటికొస్తుంది. ఊరికే రావద్దు మరి."

"రానన్నానుగా."

"ఎత్తడానికి యంత్రం ఉంటుంది. ఉయ్యాలలా పట్టా వేసి..."

"చూశా. పశువుని లారీ ఎక్కించినట్టు ఎత్తుతుంది. వాడొప్పుకోడు."

"అడిగారా?"

"మాకు మాట్లాడుకునే అలవాటు లేదు."

"ఈ మూడేళ్లుగానా?"

"పుట్టినప్పట్నుంచీ."

"మీ నడుం సంగతి తెలుసా అతనికి?"

"తెలీదు. పళ్ల బిగువున ఎత్తుతా. మొహం అటు తిప్పుకుంటా."

"నర్సుని రోజూ రమ్మనండి. కౌంటీ వాళ్లు పంపిస్తారు."

"పంపిస్తారు. వచ్చినామె చూస్తుంది. పెద్దాయనకి నడుం పడిపోయింది, చిన్నాయనకి కాళ్లు పనిచెయ్యవు, వీళ్లనిలా వదిలేయకూడదంటుంది. మంచిమనసుతోనే అంటుంది. చర్చి వాళ్లకి తెలుస్తుంది. వారం రోజులు వంట గిన్నెలు మోసుకొస్తారు. ఆ తర్వాత ఒక మంచిరోజు చూసి వాణ్ణి వృద్ధుల హోముకి తీసుకెళ్తారు."

"అక్కడ బాగా చూసుకుంటారు కూడా."

"పొద్దు గూకకముందే తిండి పెట్టి దీపాలార్పేస్తారు. వాడు రేడియోలో ఆట అయ్యేదాకా విననిదే నిద్రపోడు. మా ఇద్దరికీ పెళ్లిళ్లు లేవు, పిల్లలు లేరు. వాడు లేని ఆ ఇంట్లో నేనేం చెయ్యాలి? నాకు భయం డాక్టరమ్మా. నడుం నొప్పి ఏముంది, పోయేదాకా ఉంటుంది. ఆ ఇంట్లో ఒక్కణ్ణే అంటే భయం."

"ఇలాగే ఎత్తుతూ పోతే ఈ పాదం పైకి లేవడం మానేస్తుంది. ఈడ్చుకుంటూ నడుస్తారు. ఏదో ఒకరోజు అతన్నెత్తుతూ ఇద్దరూ కలిసి పడతారు."

"పడ్డాం."

"ఏంటి?"

"ఆదివారం. చర్చికి బయల్దేరుతుంటే. వంటింట్లో."

"ఇందాక పడటం లేదన్నారు."

"గుర్రం పడలేదన్నా."

"దెబ్బలు తగిలాయా?"

"నేను కింద, వాడు పైన. వాడికేం కాలేదు. కాసేపు అలాగే పడుకుని పైకప్పు చూశాం. రంగు వెయ్యాలి అన్నాడు వాడు. వెయ్యాలి అన్నా నేను."

"తర్వాత?"

"లేచాం. కిందా మీదా పడి ఎలాగో లేచాం. ఆ రోజు చర్చికి ఆలస్యమైంది."

"మీకో మాట చెప్పాలి హార్లన్ గారూ. చెప్పనని ఒకరికి మాటిచ్చాను."

"అయితే చెప్పకు."

"ఈ కాలు చూశాక చెప్పక తప్పదు. పోయిన నెల మీ పక్క పొలం వాళ్ల గుర్రాన్ని చూడటానికి వచ్చి తిరిగి వెళ్తుంటే, మీ గేటు ముందు బురదలో నా కారు దిగబడిపోయింది. మీరప్పుడు గోడౌన్‌కి ధాన్యం తోలుకెళ్లారు. సాయం అడుగుదామని మీ వంటింటి తలుపు తట్టాను."

"పాపం. ఆ తలుపు గడియ పైన ఉంటుంది. వాడికి అందదు."

"అందింది."

"కుర్చీలోంచి ఎలా అందుతుంది?"

"కుర్చీ కిటికీ పక్కన ఉంది. ఖాళీగా."

"మరి తలుపెవరు తీశారు?"

"డెల్మరే తీశాడు. నిలబడి. చేతికర్ర కూడా లేదు. గుడ్లు వేయించుకుంటున్నట్టున్నాడు, చేతిలో అట్లకాడ ఉంది."

"ఎన్నాళ్లనుంచి?"

"పోయిన చలికాలం నుంచట. మీరు పశువుల దగ్గరికి వెళ్లగానే ఈ గోడనుంచి ఆ గోడకి పట్టుకుని నడవడం మొదలుపెట్టాడట. ఎండలు వచ్చేసరికి గోడ వదిలేశాడు."

"నిన్న రాత్రి ఎత్తా వాణ్ణి. ఇవాళ పొద్దున కూడా ఎత్తా. నా మెడ చుట్టూ చెయ్యి వేశాడు. ఎందుకూ? నడవగలిగినవాడు ఎందుకు ఎత్తించుకుంటాడు?"

"నేనూ అదే అడిగా. 'మా అన్నతో అనకు కార్లా, నన్ను లేపే పని లేకపోతే పొద్దున్నే ఆయన మంచం దిగడు' అన్నాడు."